తునికికుంట విడిదిలో నాకు వినిపించని ఈల

మెదక్‌కు ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, పోచారం అభయారణ్యం అంచున, తునికికుంట అనే చిన్న చెరువు పక్కన ఐదు గుడారాలున్నాయి. మొన్న జనవరి దాకా నాకు వాటి సంగతి తెలియదు. మాది మెదక్ పట్టణమే. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ అడవి పక్క నుంచి బస్సులో ఎన్నోసార్లు పోయాను కానీ దిగాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈసారి దిగడానికి కారణం జింకలు కాదు, పక్షులు కాదు. నా చెవులు.

నా ఎడమ చెవి పనిచేయడం మానేసి రెండేళ్లు దాటింది. కుడి చెవితో నెట్టుకొస్తున్నాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జనవరి నెలాఖరులో బంధువుల పెళ్లికని హైదరాబాదు పోయినప్పుడు ఒక పూట వీలు చేసుకుని ఒక్కదాన్నే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు నేను ఏమీ నొక్కకుండా కూర్చున్నాను. వాళ్లు ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. తర్వాత డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించారు. సన్నటి ధ్వనులు రెండు చెవుల్లోనూ పోయాయి, లావు ధ్వనులు కుడి చెవిలో కొంత మిగిలాయి, మిషన్లు పెట్టుకోవాలి, ఆలస్యం చేస్తే మాటలు పోల్చుకునే అలవాటు కూడా పోతుంది అన్నారు. రెండు వారాల తర్వాత సోమవారం రమ్మన్నారు. ఇంట్లోవాళ్లను ఒకరిని తప్పకుండా వెంట తీసుకురావాలి, నాతో ఎలా మాట్లాడాలో వాళ్లు కూడా నేర్చుకోవాలి అన్నారు.

అంటే ఆ సోమవారం లోపల మా ఆయనకు చెప్పాలి. ఆ పనే నావల్ల కాలేదు. మిషన్లకు కావలసిన డబ్బు నా దగ్గర ఉంది, నెలనెలా మిగిల్చి దాచిందే, కాబట్టి అడ్డం అది కాదు. రెండేళ్లుగా నేను వినిపించని ప్రతి మాటకూ తల ఊపుతూ వచ్చాను. ఫోన్లు ఎత్తడం తగ్గించాను. పేరంటాలకు పోవడం మానేశాను. మా ఆయనకు విత్తనాల దుకాణం ఉంది. రాత్రి ఇంటికొచ్చి దుకాణం ముచ్చట్లు చెప్పేవారు. నా నుంచి సరైన జవాబు రాక, మెల్లగా ఆయన కూడా చెప్పడం మానేశారు. ఇప్పుడు ఒక్కసారిగా పోయి 'నాకు వినబడదు' అంటే, ఈ రెండేళ్లూ నటించానని ఒప్పుకున్నట్టే. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని పెట్టుకుని లేచిపోయేదాన్ని.

అలా ఎనిమిది రోజులు గడిచాక, సిద్దిపేటలో ఉండే మా అమ్మాయి పండక్కి తీసిన ఫోటోలతో పాటు ఈ గుడారాల బొమ్మలు కూడా ఫోనులో పంపింది. ఎవరూ మాట్లాడని చోట రెండు రోజులుంటే చెవుల గొడవే ఉండదని నాకు తోచింది. శుక్రవారం, శనివారం రాత్రులకు బుక్ చేయమన్నాను. గుడారానికి రాత్రికి ఎనిమిది వందలు, భోజనానికి రోజుకు మూడు వందల యాభై. ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి, మర్నాడు సోమవారం. మా ఆయనకు ఆరాం కోసం పోతున్నానని మాత్రం చెప్పాను. ఆయన అడ్డు చెప్పలేదు. చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరిగి ఉండి ఏదో అన్నారు. ఏమన్నారో నాకు తెలియదు. సరే అన్నాను.

శుక్రవారం పొద్దున పది గంటల ప్రాంతంలో మెదక్ బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, ఛార్జీ లేదు. బస్సులో నేను ఎప్పుడూ ఎడమ వైపు కిటికీ పక్కనే కూర్చుంటాను. అలా కూర్చుంటే పక్కవాళ్లు నా కుడి చెవి వైపు ఉంటారు. నలభై నిమిషాల్లో పోచారం స్టేజీ వచ్చింది. అక్కడి నుంచి లోపలికి ఏడు కిలోమీటర్లు మట్టిదారి, బస్సులు పోవు. స్టేజీ దగ్గర రెండు మూడు ఆటోలుంటాయి. రెండు వందలకు మాట్లాడుకున్నాను. ఆటో నడిపే ఖాదర్ భాయ్‌కు నలభై ఐదేళ్లుంటాయి. నా సంచి లోపల పెడుతూ అడిగాడు.

"ఒక్కరేనా అమ్మా? ఎన్క బస్సుల ఎవరన్న వస్తుండ్రా?"

"ఎవరు లేరు భాయ్. నేనొక్కదాన్నే."

"గుడారాలకు ఒక్కరు పోంగ నేనైతె చూడలె. జంటలొస్తరు, కెమెరాలోల్లు వస్తరు. ఏమన్న పరేషాన్ల ఉన్నరా?"

"పరేషాన్ ఏం లేదు. జర ఆరాం కోసం."

"ఆరామైతె మస్తు. ఆడనైతె కాకి గూడ అడిగి అరుస్తది."

అతను ఎదురుగా నిలబడి మాట్లాడినంతసేపు బాగానే ఉంది. ఆటో కదిలాక ఇంజను చప్పుడు తప్ప నాకేమీ లేదు. అతని భుజాలు కదలడం చూసి, మాట్లాడుతున్నాడని తెలుసుకుని, మధ్యమధ్య "ఆ, ఆ" అంటూ వచ్చాను. రెండు వైపులా టేకు, తునికి చెట్లు. ఆకురాలు కాలం మొదలైంది. అరగంటలో చేరాం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మని చెప్పి, ఆ గంట వేళ్లతో చూపించి మరీ పంపించాను. ఇక్కడ ఫోను సిగ్నలు ఉండదు కాబట్టి తిరుగు ప్రయాణం ముందే ఖాయం చేసుకోవాలి.

గుడారాలను పక్క ఊరివాళ్లే నడుపుతున్నారు. అక్కడ ఉండేది ఇద్దరే. కాపలా చూసే మల్లయ్యకు అరవై దగ్గర పడ్డాయి, మోకాళ్ల నొప్పుల వల్ల కొంచెం ఊగుతూ నడుస్తాడు. వంట చేసే యాదమ్మ నాకంటే ఐదారేళ్లు చిన్నది. రిజిస్టరులో పేరు, ఊరు రాసి సంతకం పెట్టాను. మల్లయ్య నా సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు. నేను వెనక. నడుస్తూ ఏదో వివరంగా చెబుతున్నాడని చేతులు తిప్పడం చూస్తే తెలిసింది. చెట్లను చూపించాడు, కుంట వైపు చూపించాడు, తన జేబులోంచి నీలం రంగు ప్లాస్టిక్ ఈల తీసి నా చేతికిచ్చాడు. ఆపద వస్తే ఊదడానికేమో అనుకుని తల ఊపాను. గుడారం గుడ్డకు తగిలించిన తాళ్లు, దీపం, నీళ్ల బిందె చూపించి వెళ్లిపోయాడు.

నాది చివరి గుడారం, కుంటకు దగ్గరది. వంటింటి నుంచి లెక్కపెట్టాను, మూడు వందల పది అడుగులు. మిగతా నాలుగు ఖాళీ. లోపల ఇనుప మంచం, పరుపు, రెండు దుప్పట్లు. మరుగుదొడ్డి పక్కనే ఉంది, శుభ్రంగా ఉంది. ఫిబ్రవరిలో పోతే స్వెట్టరు తప్పదు, చలి తెల్లవారుజామున ఎక్కువ.

ఒంటిగంటన్నరకు భోజనం. జొన్నరొట్టె, తోటకూర పప్పు, చింతకాయ తొక్కు, మజ్జిగ. యాదమ్మ పొయ్యి ముందు వంగి రొట్టె కాలుస్తూ ఏదో అడిగింది. తల ఊపాను. మళ్లీ ఏదో అడిగింది. మళ్లీ ఊపాను. మూడోసారి ఆమె అడగలేదు. ఇది నాకు అలవాటైన విషయమే. మనుషులు మూడోసారి అడగరు.

సాయంత్రం కుంట గట్టు మీద కూర్చున్నాను. నీళ్ల మీద బాతులు, ఒడ్డున కొంగలు. నాకు పదడుగుల దూరంలో తుమ్మకొమ్మ మీద పిడికెడంత పిట్ట ఒకటి వాలింది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. దాని ఒళ్లంతా పాటే అయినట్టు ఊగుతోంది. నాకు ఒక్క చుక్క కూడా అందలేదు. ఇంట్లో ఉంటే ఏ శబ్దం పోయిందో తెలియదు, ఏదో ఒక చప్పుడు ఉంటూనే ఉంటుంది. ఇక్కడ పోయింది పోయినట్టే కళ్లముందు కనబడింది. అది ఎగిరిపోయేదాకా చూసి లేచాను.

ఆరున్నర దాటి పది నిమిషాలకు మల్లయ్య కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ నా గుడారం ముందుకొచ్చాడు.

"అమ్మా, ఈల ఊదలేదేంది?"

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు కనబడకూడదని, "కునుకు పట్టింది మల్లన్నా" అన్నాను.

ఈసారి ఎదురుగా నిలబడి చెప్పాడు. "నేను దినాం మూడుసార్లు ఊదుత. ఆరున్నరకు, ఎనిమిదిన్నరకు, మల్ల పొద్దుగాల ఐదున్నరకు. నేనూదంగనె మీరు ఒక్కసారి ఊదాలె. ఊదితె మంచిగున్నరని నాకు ఎరుకైతది. జవాబు రాకుంటె నేను వచ్చి చూడాలె. గది మా కాయిదా. మొన్న కుంటకాడ ఎలుగుబంటి అడుగులు పడ్డయి."

"సరే" అన్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇద్దరమే ఉన్నాం, అతను నాకు ఏ బంధువూ కాడు, రెండు రోజుల తర్వాత మళ్లీ కనబడడు. అయినా నోరు రాలేదు. అతను ఊగుతూ వెనక్కి నడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

భోజనం చేసి గుడారానికి వచ్చాక నాకు ఒక ఉపాయం తోచింది. ఈల వినబడకపోతేనేం, గడియారం ఉంది కదా. సరిగ్గా ఎనిమిదిన్నర కాగానే గట్టిగా ఊదాను. ఊదిన ఈల నా పళ్లకు తెలిసింది కానీ చెవికి సరిగా తెలియలేదు. నిశ్చింతగా దుప్పటి సర్దుకుంటుంటే టార్చి వెలుగు అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. మల్లయ్య ఒక చేత్తో కర్ర ఎత్తి పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తున్నాడు. వెనక యాదమ్మ, ఆమె చేతిలో మండుతున్న కట్టె.

"ఏమైందమ్మా? ఏమొచ్చింది?"

"ఏం రాలేదు."

"మరి ఊదిండ్రు? నేను ఇంక బువ్వ తింటనే ఉన్న. నేనూదకముందు మీరూదిండ్రంటె ఏదో ఆపదొచ్చిందనే గదా."

"పొరపాటైంది" అన్నాను.

యాదమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. మల్లయ్య మోకాలు పట్టుకుని కాసేపు వంగి నిలబడ్డాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మా నాయనకు అక్క. ఆమెకు చిన్నప్పుడే చెవులు పోయాయి. ఇంట్లో అందరూ ఆమెను చెవిటామె అనే అనేవారు. నేను కూడా అలాగే అన్నాను. ఎదురుగా నిలబడి గొంతు రాకుండా పెదవులు మాత్రం ఆడించి, ఆమె తికమకపడితే నవ్విన పిల్లల్లో నేను కూడా ఉన్నాను. ఆమె పోయిన రోజు అయ్యగారు పేరు అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మా నాయన గుర్తు తెచ్చుకుని చెప్పాడు. నాకప్పుడు పదకొండేళ్లు. అప్పటి దాకా ఆమెకు పేరుందని నాకు తట్టలేదు. నేను చెవి సంగతి దాచడానికి అసలు కారణం ఇదేనని ఆ గుడారంలో నాకు నేను మొదటిసారి ఒప్పుకున్నాను. చుట్టూ మైళ్లకొద్దీ అడవి, పక్కన నాలుగు ఖాళీ గుడారాలు, వినడానికి ఏమీ లేదు.

తెల్లవారి ఐదుంపావుకే లేచాను. ముందుగా ఊదితే మళ్లీ పరుగెత్తుకొస్తాడు. ఊదకపోతే వస్తాడు. ఎలాగూ వస్తాడు కదా, వచ్చినప్పుడు ఏదో ఒకటి చెబుదామని ఐదూ నలభై ఐదు దాకా కూర్చున్నాను. టార్చి వెలుగు కనబడలేదు. బహుశా ఈ పూటకు వదిలేశాడేమో అనుకున్నాను. తూర్పు తెల్లబడగానే శాలువా కప్పుకుని, గుడారం వెనక నుంచి గట్టు ఎక్కి అటు చివర దాకా నడిచి, రాయి మీద కూర్చున్నాను. నీళ్ల మీద పొగమంచు. బాతులు వందకు పైగా ఉంటాయి, ముఖాలు రెక్కల్లో దాచుకుని తేలుతున్నాయి.

ఎంతసేపు కూర్చున్నానో, ఒక్కసారిగా బాతులన్నీ నీళ్ల మీద నుంచి లేచాయి. ఎందుకు లేచాయా అని తిరిగి చూశాను. గట్టు మీద నాకు ఇరవై అడుగుల దూరంలో మల్లయ్య నిలబడి ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఒక కాలికి చెప్పు లేదు. మోకాలి దగ్గర పంచెకు బురద, నెత్తురు. నోరు ఇంకా పిలుస్తున్నట్టే తెరిచి ఉంది.

అతను దగ్గరకొచ్చి, ఊపిరి తీసుకుని చెప్పాడు. కొన్ని మాటలు విన్నాను, కొన్ని పెదవుల మీద చదివాను. "ఎన్నిసార్లు పిలిచినమ్మా. గుడారం ఖాళీ ఉండె. కుంట చుట్టు తిరిగిన. పరికి కంపల పడ్డ. గీ గట్టు మీదికెల్లి పిలుచుకుంటనే వస్తున్న. పిట్టలు లేచినయి గని మీరు లేవలె."

నా ముఖంలోకి చూశాడు.

"మీకు ఇనొస్తలేదా?"

నిద్రమత్తులో ఉన్నానని చెప్పొచ్చు. గాలి ఎదురుగా ఉందని చెప్పొచ్చు. రెండేళ్లుగా ఇలాంటి జవాబులు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. అతని మోకాలి మీద నెత్తురు కిందికి జారుతోంది.

"ఇనొస్తలేదు మల్లన్నా. రెండేండ్ల సంది."

మల్లయ్య అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. మోకాలు రుద్దుకున్నాడు.

"గంతేనా? నేను ఇంకేందో అనుకున్న."

"ఏమనుకున్నవు?"

"ఒక్కరే వచ్చిండ్రు. మాట్లాడరు. నవ్వరు. ఊదుమంటె ఊదరు, ఊదుమననప్పుడు ఊదుతరు. గీ మనిషి కుంటల దుంకెతందుకు వచ్చిందేమో అని రాత్రంత నాకు కన్నంటలె. తెల్లారంగ గుడారం ఖాళీ ఉండెటాలకు నా పానం పోయింది."

నేను బిత్తరపోయాను. నేను నడుచుకున్న తీరు బయటి మనిషికి అలా కనబడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"గట్లాంటిదేం లేదు మల్లన్నా."

"లేకుంటె చెప్పాలె గదా. నిన్ననె చెప్తె నా మోకాళ్లన్న మిగులుతుండె. చెప్పకుంటె మాకేం ఎరుక?"

నా శాలువా అంచు తడిపి అతని మోకాలు తుడిచాను. వద్దు వద్దంటూనే కాలు చాపాడు. వెనక్కి నడిచేటప్పుడు నేను అతని ఎడమ పక్కకు వచ్చి నడిచాను, అలా ఉంటే నా కుడి చెవి అతని వైపు ఉంటుందని చెప్పాను. అతను మొదట అటూ ఇటూ మారి తికమకపడ్డాడు, తర్వాత అలవాటు చేసుకున్నాడు.

వంటింట్లో యాదమ్మకు అతనే చెప్పాడు. ఆమె పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అక్కా, నేను మీకు మస్తు పొగరు అనుకున్న. టౌనామె, మనతోని ఏం మాట్లాడుతది అనుకున్న. నిన్న పప్పు సంగతి అడిగితె తల్కాయ ఊపి పోయిండ్రు."

"నువ్వు అడిగినట్టె నాకు ఎరుక లేదు యాదమ్మా."

"ఇప్పుడు అడుగుతున్న. ఎట్లుండె?"

"ఉప్పు జర ఎక్కువైంది."

"గదే నేను అడిగింది నిన్న. ఉప్పెక్కువైందా అక్కా అంటె, ఆ అని ఊపిండ్రు. మల్ల మార్చాల్నా అంటె, దానికీ ఊపిండ్రు. మార్చకముందె తినేసి లేచిండ్రు." నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంటనే గుర్తొచ్చి కొంగు తీసేసి, "నోరు కనబడాలె గదా" అంది.

ఆ పగలంతా నేను వంటింట్లోనే గడిపాను. ఆమెతో కలిసి చిక్కుడుకాయ గిల్లాను. ఆమె మాట్లాడింది, నేను అర్థం కానిచోట అర్థం కాలేదని చెప్పాను. అలా చెప్పడానికి మొదట్లో ప్రతిసారీ నాలుక తడబడింది. మూడోసారి అడిగినా ఆమె విసుక్కోలేదు, నాలుగోసారి మాత్రం "ఇడిసిపెట్టు అక్కా, గంత గొప్ప ముచ్చటేం గాదు" అంది.

ఈల సంగతి మల్లయ్య వేరేలా తేల్చాడు. చేలల్లోకి అడవిపందులు రాకుండా ఇక్కడ రాత్రిళ్లు ఖాళీ నూనె డబ్బాను కర్రతో కొడతారు. అలాంటిది ఒకటి తెచ్చి వంటింటి ముందు నిలబడి కొట్టాడు. నేను గుడారం దగ్గర నిలబడ్డాను. ధబ్ ధబ్ మని, దూరంగా అయినా, స్పష్టంగా అందింది. డాక్టరు చెప్పిన లావు ధ్వని ఇదేననుకున్నాను. ఆ సాయంత్రం ఆరున్నరకు డబ్బా మోగింది, నేను ఈల ఊదాను. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగింది, మళ్లీ ఊదాను. అటు నుంచి టార్చి ఒకసారి వెలిగి ఆరింది. అంతే, తర్వాత మళ్లీ ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం మొదటి రాత్రి కంటే తక్కువేమీ కాలేదు. ఈ ఇద్దరికీ చెప్పడం తేలికైంది, రేపు చెప్పాల్సిన మనిషికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ పడుకున్నాను. ఏ వాక్యమూ కుదరలేదు.

ఆదివారం తొమ్మిదింటికి ఖాదర్ భాయ్ చెప్పిన వేళకు వచ్చాడు. భోజనం డబ్బులు కట్టి, మల్లయ్యకు మోకాలికి మందు కొనుక్కోమని రెండు వందలు ఇవ్వబోతే తీసుకోలేదు, యాదమ్మ తీసుకుని "నేను కొంట, ఆయనకిస్తె బీడీలు కొంటడు" అంది. ఆటో ఎక్కేముందు ఖాదర్ భాయ్‌తో, నాకు సరిగా వినబడదు, ఏమన్నా చెప్పేది ఉంటే బండి ఆపి చెప్పమన్నాను. అతను ఏడు కిలోమీటర్లలో రెండుసార్లు బండి ఆపాడు. ఒకసారి నెమలిని చూపించడానికి, రెండోసారి వాళ్లమ్మకు కూడా చెవి వినబడదని చెప్పడానికి.

ఇల్లు చేరేసరికి పన్నెండు కావస్తోంది. మా ఆయన పెరట్లో కుళాయి విప్పి వాషరు మారుస్తున్నారు, వీపు నా వైపు ఉంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పకుండానే ఏదో అన్నారు. ఎప్పటిలా సరే అనకుండా, చుట్టూ తిరిగి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"ఏమన్నరు?"

"ఏం లేదు."

"మల్ల చెప్పుండ్రి. నాకు ఇనబడలే. ఎడమ చెవు పోయింది, రెండేండ్లయింది. కుడిది గూడ సగమే."

ఆయన చేతిలో పానా అలాగే ఉండిపోయింది. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"డాక్టరు. పెండ్లికి పోయినప్పుడు చూపించుకున్న."

"ఒక్కదానివే పోయినవా?"

"ఒక్కదాన్నే."

ఆయన పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. తర్వాత తల ఎత్తి మాట్లాడారు, ప్రతి అక్షరం కనబడేలా.

"నీకు నా మాటంటె లెక్క లేకుండ పోయిందనుకున్న పద్మా. అందుకే నేను గూడ చెప్పుడు ఇడిసిపెట్టిన. దుకాణంల గుమాస్తాకు చెప్పుకుంట ఇంటి ముచ్చట్లు."

రేపు పదకొండింటికి డాక్టరు రమ్మన్నారని, మీరు కూడా రావాలని మాత్రం అన్నాను.

"వస్తా" అని వీధి చివరకు వినబడేలా అరిచారు.

"అరవకుండ్రి. ఎదురుంగ ఉండి మామూలుగ చెప్తె చాలు."

సోమవారం దుకాణం మూసి వచ్చారు. మిషన్లు పెట్టుకుని ఇప్పటికి రెండు నెలలు. అన్నీ సర్దుకున్నాయని రాయలేను. పెళ్లిళ్లలో ఇప్పటికీ నలుగురు ఒకేసారి మాట్లాడితే నాకు మిగిలేది గోల మాత్రమే. రెండేళ్లలో నా చుట్టూ నేను పెంచుకున్న దూరం రెండు నెలల్లో తరగలేదు, ఫోను చేయడం మానేసినవాళ్లలో కొందరు మానేసినట్టే ఉన్నారు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన దుకాణం ముచ్చట్లు మళ్లీ మొదలుపెట్టారు, కొన్ని రోజులు చెబుతారు, కొన్ని రోజులు ఊరికే తింటారు. ఊరికే తినే రోజున అది నా చెవి వల్లనా, ఆయన అలసట వల్లనా అని ఇప్పుడు నేను అడగగలుగుతున్నాను. చాలాసార్లు అలసటే.

తునికికుంటకు పోవాలనుకునేవారికి ఒక్క సలహా. టార్చి, స్వెట్టరు, దోమల మందు ఎవరైనా చెబుతారు. చేరగానే, మూట దించకముందే, మీ ఒంట్లో ఏది సరిగా పనిచేయదో అక్కడి కాపలా మనిషికి ఎదురుగా నిలబడి చెప్పండి. చెవైనా, చూపైనా, షుగరైనా, చీకటంటే భయమైనా సరే. ఆ అడవిలో మీకోసం వెతుక్కుంటూ వచ్చేది ఆ ఒక్క మనిషే. అతనికి మోకాళ్ల నొప్పులున్నాయి.